ఆరు పిస్టన్ల తూకం

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. నేను నా చేత్తో తూచి, ఎర్ర మార్కరుతో బరువు రాసి పంపిన పిస్టన్లు నడి సముద్రంలో పగిలి, లూకా అన్నా ఆయన బోటు మీదున్న ఏడుగురూ ఒడ్డుకి తిరిగి రాకుండా పోతారేమోనని. ఇంతకు ముందు నా భయాలు వేరే. మేధ గొంతులో గుండీ అడ్డం పడుతుందేమో, పాలగిన్నె మీదికి లాక్కుంటుందేమో, నీళ్ళ డ్రమ్ములోకి తొంగి చూస్తుందేమో, ఇలాంటివి. మూడేళ్ళ పిల్ల ఉన్న ఏ తల్లికైనా ఉండేవే. ఆ భయాల్లో రోత లేదు. ఈ భయంలో ఉంది.

మాది తెనాలి. నందివెలుగు రోడ్డులో ముందు ఇంజన్ల షెడ్డు, దాని వెనకే ఇల్లు. షెడ్డు పెట్టింది మా మామగారు పాండురంగారావుగారు. ఏడాది పొడుగునా లారీలూ ట్రాక్టర్లూ వస్తాయి. వేసవిలో మాత్రం బోటు ఇంజన్లు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా సముద్రంలో వేట నిషేధం కదా, ఆ రెండు నెలల్లోనే నిజాంపట్నం బోట్లు ఇంజన్లు దింపి బాగుచేయించుకుంటాయి. ఆ రెండు నెలలూ మా ఇంట్లో అన్నం కూడా డీజిలు వాసన వేస్తుంది. తలుపు గొళ్ళేనికి మసి, తువ్వాళ్ళకి మసి, పిల్ల పాలసీసాకి మసి. ఇంటర్ రెండో ఏడు మధ్యలో పుస్తకాలు మూసేసి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. అయిదేళ్ళయినా ఆ జిడ్డు నాకు అలవాటు కాలేదు.

షెడ్డు పనిలో నా వంతు ఒక్కటే, తూకం. ఒక ఇంజనులో ఆరు పిస్టన్లుంటే ఆరూ ఒక్క బరువుండాలి. నాలుగైదు గ్రాములు తేడా వచ్చినా ఇంజను వణుకుతుంది. షెడ్డులో గాలికీ దుమ్ముకీ కాటా అంకెలు నిలవవని మామగారు ఆ పని మొదటినుంచీ ఇంట్లోనే చేయించేవారు. మా అత్తగారు మాణిక్యాంబగారు పోయాక అది నాకు వచ్చింది. హాల్లో ఫ్యాను ఆపాలి. బల్ల మీద ఉతికిన గుడ్డ పరవాలి. ఒక్కొక్క పిస్టనూ కాటా మీద పెట్టి, దాని నెత్తి మీద బరువు పెద్ద పెద్ద అంకెల్లో రాయాలి. మామగారికి ఒక కంట్లో శుక్లం, ఆపరేషనయిన రెండో కంటికీ చూపు అంతంతే. నేను రాసిన అంకెల్ని భూతద్దంతో చూసుకుని, పిస్టన్ని చేత్తో తడిమి ఆయన 'ఊఁ' అంటేనే అది ఇంజనులోకి వెళ్ళేది. ఆయన ఊఁ అనకుండా ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఇంజనూ ఆ గడప దాటలేదని అందరూ చెప్పుకుంటారు.

ఏప్రిల్ నెలాఖరులో లూకా అన్న రేపల్లె రైలు దిగి వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఎండకి కాగి నల్లబడిన మనిషి, నవ్వితే మాత్రం చిన్నపిల్లాడు. చేతిసంచీలో ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చి నాకిచ్చి, షెడ్డులో ఇనుప స్టూలు మీద కూలబడ్డాడు.

"రావుగారూ, నా ఇంజనుకి టర్బో ఎక్కించాలండి. పక్క బోట్లోళ్ళు మూడు గంటల్లో పోయే చోటికి నాకు అయిదు గంటలు పడతంది. నేను పోయేతలికి ఆళ్ళు చేపలన్నిటికీ పేర్లు పెట్టి, బారసాల భోజనాలు కూడా చేసి ఎల్లిపోతన్నారు."

మా ఆయన కృష్ణచైతన్య చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. ఆ తుడుచుకునేది మేధ తువ్వాలు. "ఎక్కించేద్దాం అన్నా. జూన్ పద్నాలుగుకి నీ బోటు రెడీ. పదిహేను తెల్లారేసరికి అందరికంటే ముందు నువ్వే ఉండాలి. నా పూచీ."

"ఆగరా," అన్నారు మామగారు. "టర్బో అంటే టోపీ కాదు, తెచ్చి నెత్తిన పెట్టడానికి."

ఆయన అలమరలోంచి మూడు పిస్టన్లు తీసి లూకా అన్న ముందు వరసగా పెట్టారు. వచ్చినవాళ్ళకి చూపించడానికి ఉంచుకున్నవి. ఆ మాటలు ఎన్నోసార్లు విన్నాను, అయినా ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు.

"లూకా, టర్బో ఏం చేస్తుందో తెలుసా? ఇంజను వదిలే పొగతోనే ఒక చక్రం తిప్పి, గాలిని లోపలికి దట్టించి కొడుతుంది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ. ఆ మంట ఎవరి నెత్తిన పడుతుంది? పిస్టన్ నెత్తిన. ఇదిగో, ఇది మామూలుది. వట్టి అల్యూమినియం. ఇప్పుడు నీ ఇంజన్లో ఉన్నది ఇదే. టర్బో వేడికి దీని పై రింగు గాడి అరిగి వెడల్పయిపోతుంది. రింగు విరుగుతుంది. ఆ ముక్క సిలిండరు గోడ గీరేస్తుంది. ఇంజను పట్టేసి ఆగిపోతుంది. నువ్వెక్కడుంటావు అప్పుడు?"

"సముద్రంలో ఉంటానండి."

"రెండోది చూడు. పై రింగు గాడి చుట్టూ నల్లగా ఇనుప కట్టు ఉంది. అది అరగదు. మూడోదానికి ఆ కట్టూ ఉంది, కడుపులో ఆయిలు తిరగడానికి దారీ ఉంది. కింద చిల్లు చూశావా? అందులోంచి ఆయిలు పైకి చిమ్మి తల చల్లబరుస్తుంది. టర్బోకి ఇదీ పిస్టను. ఇది దొరికితే టర్బో పెడతాను. దొరక్కపోతే నీకు దణ్ణం, పెట్టను. అమ్మాయ్ కీర్తనా, మూడూ తూచి చూపించు."

తూచాను. మామూలుది వెయ్యీ అరవై రెండు గ్రాములు. ఇనుప కట్టుది పదకొండు వందల డెబ్బై అయిదు. మూడోది, కడుపులో దారి తొలిచారు కాబట్టి కాస్త తగ్గి, పదకొండు వందల నలభై. లూకా అన్న మూడోదాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదే ఎక్కించండి రావుగారూ. ఆరూ నాకిదే బరువు రావాల. నువ్వే తూచాల చెల్లెమ్మా. మా ఇంటిది చేపలు తూత్తే కూడా నేనింత నమ్మను."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మే నెలంతా మా ఆయన ఫోన్లోనే గడిపాడు. విజయవాడలో లేవు, గుంటూరులో లేవు, చెన్నైలో ఉన్నాయిగాని జూన్ ఆఖరుకిగాని రావు. ఆ సంగతి మామగారికి చెబితే 'అయితే టర్బో వద్దు, పాతవే వేసి పంపు' అంటారు. అప్పటికే మా ఆయన టర్బో పక్కన నిలబడి ఫోటోలు దిగి స్టేటస్‌లో పెట్టాడు. నిజాంపట్నం జెట్టీ మీద టీ కొట్టు దాకా ఆ కబురు పాకింది. ఇంకో ముగ్గురు బోటు యజమానులు ఫోన్ చేసి, 'లూకా బోటు నడిచింది చూసి మాదీ ఇస్తాం' అన్నారు. ఆ ఫోన్లు వచ్చిన రోజు ఆయన అద్దం ముందు మీసం దువ్వుకుంటుంటే చూశాను. తన మాట మీద తానే ముచ్చటపడే మగవాణ్ణి అంత దగ్గరగా చూడకూడదు.

నెలాఖర్లో ఓ రోజు, "దొరికాయే! బాపట్లలో మన జశ్వంత్ దగ్గరున్నాయి. పిట్టలవానిపాలెంలో మీ అమ్మని కూడా చూసి వద్దువుగాని, పద," అన్నాడు. నేనూ మేధా బండెక్కాం.

బాపట్లలో జశ్వంత్‌కి లేతు మిషను షెడ్డుంది. రేకుల కింద కొలిమిలా ఉంది లోపల. కాలు పెట్టగానే ఘాటైన యాసిడ్ వాసన ముక్కు పొడిచేసింది. నేల మీద అల్యూమినియం రజను, దాంట్లో ఉమ్మి, సిగరెట్టు పీకలు. మూలన పెరుగు బక్కెట్టులో నల్లటి నీళ్ళేవో, అందులో పళ్ళు తోమే బ్రష్షు. బల్ల మీద ఆరు పిస్టన్లు ఆరబెట్టి ఉన్నాయి.

"రా చెల్లెమ్మా, కూర్చో. కూల్‌డ్రింకు తెప్పిస్తా," అన్నాడు జశ్వంత్. మేధ కూర్చోడానికి అక్కడ శుభ్రంగా ఉన్నది నా ఒళ్ళు ఒక్కటే.

నేను చున్నీ సర్దుకునేలోపు మేధ బల్ల దగ్గరికి పోయి ఒక పిస్టన్ని చుట్టేసింది. చూసేసరికి దాని వేళ్ళు నాలుగూ నల్లగా ఉన్నాయి. అరిచేలోపే నోట్లో పెట్టుకుంది. నాలుక నల్లబడింది. చేదుకి మొహం ముడుచుకుని ఏడుపందుకుంది. నేను చున్నీ కొంగుతో దాని నాలుక తోముతుంటే ఆ ఇద్దరూ నవ్వుతున్నారు.

"ఏం కాదు చెల్లెమ్మా. కాటుక లాంటిదే. దిష్టి తగలదులే."

"ఏంటండి ఇది?" అన్నాను మా ఆయనతో.

"తుప్పు పట్టకుండా పూతలే. నీకెందుకు?"

అల్యూమినియానికి తుప్పేంటి అనుకున్నాను. నా వంటింట్లో సగం గిన్నెలు అల్యూమినియమే. ఒక్కటీ ఎప్పుడూ తుప్పు పట్టలేదు. కానీ పిల్లకి నీళ్ళు తాగించి, పుక్కిలించమని ఉమ్మించే గొడవలో పడి ఆ మాట పైకి అనలేదు. పిట్టలవానిపాలెం దాకా అది ఊసింది ప్రతీదీ నల్లగానే ఉంది.

జూన్ మొదటి వారంలో ఒక ఉదయం ఆ పిస్టన్లు తూకానికి వచ్చాయి. ఫ్యాను ఆపాను. గుడ్డ పరిచాను. పొయ్యి మీద పాలు, ఒంటి మీద జ్వరంతో ఏడుస్తున్న మేధ. మొదటిది పెట్టాను. 1061. కాటా తప్పేమోనని తీసి మళ్ళీ పెట్టాను. 1061. రెండోది 1062. మూడోదీ అంతే. ఆరూ తూచాను. ఆరూ ఒకదానికొకటి అచ్చం సరిపోయాయి. పది ఇరవై సెట్లు తూచాను గాని, అంత చక్కగా కలిసిన సెట్టు ఎప్పుడూ చూడలేదు. కలవక ఏం చేస్తాయి? ఆరూ మామూలువే. గాడి చుట్టూ లేతు మీద సన్నగీత గీసి, మధ్యలో నల్లపూత పూసి ఇనుప కట్టులా కనబడేట్టు చేశారు. కింద ఓ చిల్లు పొడిచారు. ఆ చిల్లు ఎక్కడికీ పోదు. అగ్గిపుల్ల పెట్టి చూశాను. అరంగుళం పోయి ఆగిపోయింది.

మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చేయని పని నేను చేశాను. మేం తూచేది ఒకదానితో ఒకటి కలిశాయా లేదా అని. ఎంత ఉండాలో అంత ఉన్నాయా అని కాదు. అలమరలోని మూడు పిస్టన్ల బరువూ లూకా అన్న వచ్చిన రోజు నేను తూచి ఉండకపోతే నాకూ తెలిసేది కాదు.

మా ఆయన లోపలికొచ్చాడు. "రాశావా?"

"ఏవండీ, ఇవి అవి కావు."

"ఏవి ఏవి కావు?"

"మామూలువండి ఇవి. ఎనభై గ్రాములు తక్కువున్నాయి. చిల్లు కూడా ఉత్తుత్తిది."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. మేధని ఎత్తుకుని, భుజం మీద వేసుకుని, వీపు నిమురుతూ నెమ్మదిగా చెప్పాడు. అదే నాకు ఇప్పటికీ ఎక్కువ రోతగా ఉంటుంది. "చూడు, అసలువి జూన్ ఆఖరుకి వస్తాయి. రాగానే ఇంజను దింపి మార్చేస్తా. అప్పటిదాకా రెండు మూడు ట్రిప్పులు. ఏం కాదు. నాన్నకి చెబితే ఇంజను ఆపేస్తాడు. లూకా సీజను మొదలే పోతుంది, నా మాటా పోతుంది. నువ్వు పదకొండు నలభై అని రాసెయ్."

"నా చేత రాయిస్తారేంటండి?"

"నాన్న చూసేది నీ అంకెలే కదే."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మాడు వాసన వచ్చింది. నేను వెళ్ళి పొయ్యి కట్టేసి, మసిగుడ్డతో తుడిచి, తిరిగొచ్చి మార్కరు మూత తీసి రాశాను. 1140. 1139. 1140. 1141. ఆరూ ఒకే అంకె అయితే అనుమానం వస్తుందని ఒకటీ అరా అటూ ఇటూ మార్చి రాశాను. అలా మార్చమని ఆయన చెప్పలేదు. ఆ తెలివి నాదే.

మామగారు భూతద్దం పెట్టి చదువుకున్నారు. వేలితో గాడి చుట్టూ తడిమారు. లేతు గీత వేలికి తగిలింది కాబోలు, తల ఊపారు. తర్వాత ఒక పిస్టన్ని అరచేతిలో పెట్టుకుని కాస్త ఎగరేసినట్టు చేశారు. మళ్ళీ చేశారు.

"కొంచెం తేలిగ్గా ఉన్నట్టుందేంటమ్మా?"

నేను మార్కరు మూత బిగించాను. ఆయన నా అంకె వంక మరోసారి చూశారు.

"చెయ్యి అలవాటు తప్పింది," అని నవ్వి, "ఊఁ," అన్నారు.

జూన్ పద్నాలుగున అందరం నిజాంపట్నం వెళ్ళాం. రేపల్లె దాకా రైలు, అక్కణ్ణించి ఆటో. బోటు పేరు 'ఆశీర్వాదం'. నీలం రంగు, అంచున తెల్లచార. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆ తర్వాత కూలీల్లో ఒకతను, ఎందుకైనా మంచిదని, అణియం మీద, అంటే బోటు ముక్కు మీద, కొబ్బరికాయ కూడా కొట్టాడు. లూకా అన్న ఇంజను స్టార్టు చేశాడు. టర్బో ఈల వేసింది. జెట్టీ మీదున్న వాళ్ళంతా ఓహో అన్నారు. మా ఆయన గాగుల్స్ పెట్టుకుని ఆ ఓహోలన్నీ తనకే అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

లూకా అన్న నన్ను చెయ్యి చూపిస్తూ పక్క బోట్ల వాళ్ళతో అంటున్నాడు: "ఇదిగో, మా తెనాలి చెల్లెమ్మ. గ్రాముతో సహా తూచింది. మీ ఇంజన్లు కిలోలెక్క, నాది గ్రాములెక్క!"

ఒడ్డున గుడిసె నీడలో భోజనాలు. లూకా అన్న భార్య సూర్యకుమారి వదిన మూకుడులోంచి పండుగప్ప పులుసు పోసింది. నూనె తేలుతున్న ఎర్రటి పులుసు. నేను చేప ముక్కని వేలితో నొక్కాను గాని నోటి దాకా పోలేదు. చేప మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ మనుషుల చేతి తిండి తినడానికి నా చెయ్యే నాకు రోత పుట్టింది. నోరు తెరిచాను. 'అన్నా, ఎక్కువ లాగకండి' అందామని. వదిన ఏమనుకుందో, "ఇట్టాగైతే ఎట్టమ్మా, పిల్ల తల్లివి," అంటూ ముద్ద కలిపి నా నోట్లో పెట్టేసింది. మింగాను. ఆ ముద్దతోపాటు ఆ మాటా మింగాను.

మర్నాడు తెల్లారి బోట్లు వెళ్ళిపోయాయి. ఆ మధ్యాహ్నం తెనాలి ఇంట్లో మామగారికి అన్నం వడ్డిస్తూ చెప్పేశాను. మొత్తం. బాపట్ల షెడ్డు, పెరుగు బక్కెట్టు, అగ్గిపుల్ల, నా అంకెలు.

ఆయన కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేశారు. "నా చెయ్యి చెప్పింది," అన్నారు. "నేను వినలేదు."

కొడుకుని పిలిచారు. ఇప్పుడు ఈ ఇంట్లో భూకంపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండుననుకున్నాను. మా ఆయన తల వంచుకుని, నెలాఖరుకి అసలువి వస్తాయనీ మార్చేస్తాననీ చెప్పాడు.

మామగారు అడిగింది ఒక్కటే. "ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"జశ్వంత్‌కి తెలుసు. వాడు చెప్పడు."

"ముప్ఫై ఏళ్ళ పేరురా. ఇవాళ లూకాకి ఫోన్ చేసి మేం నీకు దొంగ పిస్టన్లు వేశామని చెబితే, రేపటినుంచి నిజాంపట్నంలో మన మొహాన ఉమ్ముతారు. ఒడ్డుకి రాగానే, కొత్త ఇంజను కదా, మెల్లిగా నడుపుకో అని ఓ మాట చెప్పు. అవి రాగానే మార్చు." నా వైపు తిరిగి, "నువ్వు కూడా ఇది మనసులోంచి తీసెయ్ అమ్మా. ఆవకాయ వెయ్యి," అన్నారు.

వేశాను. రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. ఎవరికైనా తెలుసా అని అడిగిన మనిషి, బోటు మీద ఎంతమంది ఉన్నారని అడగలేదు. ఆయన 'ఊఁ'లో ఇన్నేళ్ళూ ఏదో ఉందనుకున్నాను. గరిటె పట్టుకుని నిలబడి, ఆయన వేళ్ళు నాక్కుంటుంటే చూశాను. ఆ ఇంట్లో నా చేత్తో వండి వడ్డించడం ఇంక నా వల్ల కాదని అప్పుడే తెలిసింది.

జూన్ ఆఖరు వచ్చింది. చెన్నై నుంచి ఏమీ రాలేదు. "జూలై అంటున్నారే," అన్నాడు మా ఆయన, టీవీ వంక చూస్తూ. ఆ పొద్దున్న ఆయన షెడ్డులోకి వెళ్ళాక మేధని చంకనేసుకుని రేపల్లె రైలెక్కాను.

'ఆశీర్వాదం' జెట్టీకి కట్టి ఉంది. ఐసు ఎక్కిస్తున్నారు. నన్ను చూసి లూకా అన్న గబగబా దిగొచ్చాడు. బతికున్న ఆయన్ని చూడగానే నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే చెప్పాను. ఇనుప కట్టు కాదన్నా, నల్లరంగు. చిల్లు ఉత్తది. బరువు నేనే తప్పు రాశాను. ఇంజను హెడ్డు విప్పించి, పిస్టన్లు తీయించి చూడండి, మీకే తెలుస్తుంది.

ఆయన నన్ను ఐసు పెట్టె మీద కూర్చోబెట్టాడు. నీళ్ళిచ్చాడు. నేను చెప్పిందంతా విన్నాడు. విని, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"చెల్లెమ్మా, పొద్దున మీ ఆయన ఫోన్ చేశాడు. నువ్వు ఇంట్లో కనపడకపోతే ఇక్కడికే వచ్చుంటావన్నాడు. పాప పుట్టిన కాణ్ణించి నీకు ఊరికే భయాలంట కదా. డ్రమ్ములో పిల్ల పడినట్టూ, గొంతులో గుండీ ఇరుక్కున్నట్టూ..."

"అది వేరే అన్నా! ఇది నేను తూచాను!"

"తూచావు కదా. అంకె నేనూ చూశానుగా, పదకొండు నలభై. ఇంజను ఎట్టా లాగతందో తెలుసా? గుర్రమే! పోయినసారి జెట్టీకి మొదట చేరింది నేనే."

"ఒక్కసారి విప్పి చూడండన్నా."

"విప్పి బిగించేతలికి నాలుగు రోజులు పోద్ది. ఈ నాలుగు రోజుల్లోనే రొయ్య పడేది. వచ్చాక చూపిత్తాలే," అని భార్యని కేకేశాడు. "సూర్యకుమారీ, చెల్లెమ్మకి ఓ టీ తీసుకురా. పాపకి బిస్కెట్టు."

నా భయాలు తెలిసిన మనిషి నా మొగుడు. ఒక్కొక్క భయమూ రాత్రిపూట ఆయన చెవిలో చెప్పుకున్నదే. అవన్నీ మూటకట్టి జెట్టీ మీదికి అమ్మకానికి పంపించాడు. టీ చేతిలో చల్లారిపోయింది. గంటలో ఆయన బండి మీద వచ్చాడు. లూకా అన్నతో చెయ్యి కలిపి, ఏమనుకోకన్నా అన్నాడు. నేను తెనాలి బండెక్కనన్నాను. జనం చూస్తున్నారని ఆయన అక్కడేమీ అనకుండా పిట్టలవానిపాలెం తీసుకొచ్చి మా అమ్మ దగ్గర దింపి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. అమ్మకి కూడా ఆయన నా భయాల కథే చెప్పి వెళ్ళాడు. రోజూ రాత్రి అమ్మ నాకు ఒక మాత్ర వేస్తోంది. ఒక్కదాన్నే బస్సెక్కనివ్వడం లేదు. లూకా అన్నకి ఫోన్ చేస్తే నా నంబరు చూసి ఎత్తడం లేదో, సముద్రం మీద సిగ్నల్ లేదో, తెలియడం లేదు. రెండు రోజులుగా ఇక్కడ గాలీ వానా. మేధ గోడ మీద బొగ్గుతో గీతలు గీసి చేతులు చూపిస్తే, ఆ నలుపు చూసి నేను దొడ్లోకి పరిగెత్తి కక్కుకున్నాను. అమ్మ ఇంకో మాత్ర తెచ్చింది.

ఇది చదివేవాళ్ళలో రేపల్లె వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే, లేదా పెనుమూడి వంతెన మీదుగా అటు వచ్చే పని ఉంటే, ఒక్కసారి నిజాంపట్నం జెట్టీకి వెళ్ళండి. నీలం బోటు, తెల్లచార, ఆశీర్వాదం అని రాసి ఉంటుంది. లూకా అన్న ఒడ్డున ఉన్నాడో లేదో చూడండి. ఉంటే, నా పేరు చెప్పకండి, చెబితే నవ్వేస్తాడు. మీరే ఏదో ఒకటి చెప్పి, ఆయన చేత ఇంజను హెడ్డు విప్పించండి. విప్పేదాకా అక్కణ్ణించి లేవకండి.